పచ్చి కట్టె ఓడ

2023లో నేను దోహాలో, అబూ హమూర్ పక్కన ఒక వడ్రంగి వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. జగిత్యాల వైపు నుంచి వచ్చినవాణ్ని, పెద్దగా చదువుకోలేదు. కానీ కట్టెను ముట్టుకుంటే దాని సంగతి చెప్పేస్తానని పేరుంది. ఆ పేరంటే నాకు ప్రాణం.

ఒక ప్రదర్శనకు ఆవిరి యుద్ధనౌక నమూనా చేయాలన్నారు. పంతొమ్మిదో శతాబ్దపు కట్టె ఓడ. గడువు ఇరవై రోజులు. డ్రాయింగులతో పాటు ఓడ కథ కూడా ఒక పేజీ పంపారు. మా ఫోర్‌మన్, హైదరాబాద్ ఖాజా భాయ్, చదివి చెప్పాడు. యుద్ధం వస్తోందని హడావిడిగా పచ్చి కట్టెతో కట్టారట. కొన్నేళ్లకే లోపలి రిబ్స్, అంటే ఓడ పక్కటెముకలు, కుళ్లిపోయాయి. ఒక్క ఫిరంగైనా శత్రువు మీద పేల్చకముందే విప్పి అమ్మేశారు. పాపం అనిపించింది.

మాకొచ్చిన టేకుకు మాయిశ్చర్ మీటర్ ఆనించాను. కట్టెలో తడి ఎంతో చూపే పరికరం అది. పంతొమ్మిది శాతం చూపించింది. ఏసీ హాల్లో పెట్టే వస్తువుకు నేను పన్నెండు దాటనివ్వను.

“యల్లా మల్లేశ్, మిద్దె మీద ఎండల పెట్టు. ఖతర్ ఎండకు రెండు దినాల్ల ఎండుతది,” అన్నాడు భాయ్. యల్లా అంటే అరబ్బీలో తొందరగా కానీ అని. కట్టెను ఇలా ఎండబెట్టడం గల్ఫ్‌లో అందరూ చేసే పొరపాటే.

“పైన ఎండుతది భాయ్, లోపల పచ్చిగనే ఉంటది. ఏసీల పగులుతది. ఆ ఓడోళ్లు చేసిన పనే మనం జేద్దామా?”

“గడువు దాటితే ఇద్దరం ఇంటికే.”

“పగిలినా ఇంటికే గద!”

పందెంగా ఒక్క చెక్కను రెండు రోజులు ఎండబెట్టి ఏసీ ఆఫీసులో పెట్టాం. మర్నాడు పొద్దున్నకే ఆ కొస నుంచి ఈ కొసకు పగిలింది. గెలిచాను గానీ, పదిహేడు రోజుల్లో ఎండిన టేకు ఎక్కడ తేను?

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పాత విల్లా కూలగొడుతున్నారని గుర్తొచ్చింది. భాయ్‌తో వెళ్లి అడిగాను. టేకు తలుపులు నాలుగు తీసుకుపొమ్మన్నారు. మీటర్ తొమ్మిది చూపింది. అక్కడే భాయ్‌ని కౌగిలించుకున్నాను.

గడువుకు ఒక రోజు ముందే ఓడ సిద్ధమైంది. దాన్ని చేయించిన ఖతరీ పెద్దాయన చేత్తో నిమిరి, హిందీలో అడిగారు: “ఎన్నాళ్లుంటుంది?”

“అసలు ఓడ కంటే ఎక్కువ,” అన్నాను. ఆయన పకపకా నవ్వారు.

తొందర చేసేవాళ్లకు మాటలతో కాదు, కట్టెతోనే జవాబు చెప్పాలని ఆ పని నాకు నేర్పింది. పగిలిన చెక్క ఇప్పటికీ మా వర్క్‌షాపు గోడకు వేలాడుతోంది. ఎవరైనా యల్లా అంటే, ఖాజా భాయే వేలెత్తి దాన్ని చూపిస్తాడు.