దుప్పటి కింద తెలిసింది

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా షార్జా ఫ్లాట్‌లో అందరికీ వండిపెట్టే నెల్లూరు అక్క. "నీ పక్క మంచం పిల్ల ఆస్పత్రిలో పోయిందమ్మా" అంది.

ఆ పిల్లకీ నాకూ మధ్య ఏళ్ల తరబడి ఒక పాత చీరే తెర. ఆమె దగ్గూ, దువా ప్రార్థనలో వెక్కిళ్లూ నాకు వినపడేవి. అయినా పిలవకుండా ఆ చీర ఏనాడూ తొలగించలేదు. ఇరుకు గదిలో మాకు మిగిలిన మర్యాద అదొక్కటే.

మయ్యత్‌కు, అంటే పోయినవాళ్ల ఒంటికి, గుసుల్ స్నానం చేయించడం మా అమ్మ ఇంట్లోనే నేర్పింది, అల్లా ఆమెకు మేలు చేయుగాక. పైన దుప్పటి కప్పే ఒళ్లు కడగాలి. కడిగినామెకు తెలిసింది బయట చెప్పకూడదు. ఆ రోజు ఆ పిల్లను కడుగుతుంటే దుప్పటి కింద నా చేయి ఒకచోట ఆగిపోయింది.

ఖననం అయ్యాక కడప నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, జబ్బు ఎన్నాళ్లుగా దాచింది? కడిగినదానివి, నీకు తెలిసుంటుందిగా?"

"ముఖం ప్రశాంతంగా ఉందమ్మా, అల్‌హందులిల్లాహ్."

"ముఖం సంగతి నేనడిగానా? నా తోడబుట్టింది అక్కా! పరాయిదానివి నీకు తెలియొచ్చు, నాకు తెలియకూడదా?"

జవాబు నా నాలుక మీదే ఉంది. "ఆమె చెప్పనిది నేను చెప్పలేనమ్మా" అన్నాను. ఆ చెల్లెలు ఫోన్ పెట్టేసింది, మళ్లీ చేయలేదు.

ఆ సంగతి ఇక్కడా రాయను. ఆఖరి సేవ నా చేతికి దక్కినందుకు అల్లాకు శుక్రియా చెప్పుకుంటూనే ఉన్నాను, బరువు మాత్రం దిగలేదు. చదివినవాళ్లు దువాలో ఆ చెల్లెల్ని తలుచుకోండి.