ఎనిమిది మిల్లీమీటర్లు

మా ఉస్తాద్ చనిపోయాడు. ఈ మూడు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ రోజు నేను కాలేజీలో పరీక్ష డ్యూటీలో ఉన్నాను. హాల్లోకి ఫోను తీసుకుపోకూడదు, బయట బీరువాలో పెట్టి వెళ్ళాను. మూడు గంటల తర్వాత చూస్తే ఉస్తాద్ నంబరు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. జ్వరం తగ్గినట్టుంది, ఆదివారం రైడ్‌కు వస్తానని చెప్పడానికే చేసి ఉంటాడనుకుని సంతోషంగానే తిరిగి చేశాను. ఎత్తింది ఆయన భార్య. "తమ్మీ, మీ ఉస్తాద్ పొద్దుగాల పోయిండు. జల్ది రా," అంది.

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్కనే వాళ్ళ ఇల్లు, ఇంటి ముందే రేకుల షెడ్డు. నేను వెళ్ళేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. ఖాకీ కోటు లేకుండా ఆయన్ను చూడడం నాకు అదే మొదటిసారి. తెల్లగుడ్డ కింద మనిషి ఉన్నాడా లేడా అన్నట్టుంది. భుజాలు ఇంతేనా, చేతులు ఇంతేనా అనుకుంటూ నిలబడిపోయాను. వారం వారం చూసిన మనిషి. ఎప్పుడు తగ్గాడు ఇంత? నాకెందుకు తెలియలేదు? ఆయన గురించి మంచి మాటలు నాలుగు రాద్దామనే కూర్చున్నాను గానీ, ఏది రాసినా కలం ఆ ప్రశ్న దగ్గరికే పోతోంది. కాబట్టి దాని సంగతే చెబుతాను.

ఉస్తాద్ అంటే ఆదివారాలు కలిసి రైడ్‌కు పోయే మా అందరికీ మెకానిక్. కంకర రోడ్లు, గుట్టలు, ఇసుక మీద నడిపే బండ్లు మాత్రమే చూసేవాడు. స్కూటరు తీసుకొస్తే మర్యాదగా పక్క షెడ్డు చూపించేవాడు. వయసులో ఉండగా చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో పనిచేశాడు. చెరకు లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలు మార్చడం ఆయన పని. లోడు బండి గేటులోకి వస్తుంటే ఆ పట్టీలు ఎంత వంగాయో చూసి, కాంటా ఎక్కకముందే ఎన్ని టన్నులో చెప్పేవాడట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చెరకు పోయి వరి వచ్చింది, పసుపు వచ్చింది. ఆయన పట్టణానికి వచ్చి షెడ్డు పెట్టుకున్నాడు. లారీ పోయి మోటారుసైకిల్ వచ్చింది తప్ప చేసిన పని మాత్రం అదే: మోసే బరువుకు తగిన స్ప్రింగు వెతకడం.

తొమ్మిదేళ్ళ కింద నేను కొత్త బండి కొన్నాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేవాడికి గుట్టలెక్కే బండి ఎందుకని ఇంట్లో అడిగారు. నిజమే, ఎందుకో నాకూ తెలియదు. సిరికొండ వైపు మొదటిసారి పోయినప్పుడే గుంత దాటిన ప్రతిసారీ వెనక చక్రం పోయి మడ్‌గార్డుకు కొట్టుకుంది. నా నడుము విరిగింది. ఎవరో ఉస్తాద్ పేరు చెబితే వెళ్ళి, స్ప్రింగు బాగా బిగించమన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "బిగిస్తే బలమెట్లొస్తది సారూ? బండి ఎత్తయితది, గంతే. నీ బరువెంత?" అన్నాడు. ఎనభై రెండు అన్నాను. షెడ్డు మూలకు పసుపు బస్తాలు తూచే పాత కాంటా ఉంది. హెల్మెట్, బూట్లు, వీపు మీద నీళ్ళ సంచి, అన్నీ తొడిగించి దాని మీద నిలబెట్టాడు. నూట ఏడు వచ్చింది.

"మరి గీ ఇరవై అయిదు కిలోలు ఎవలియి సారూ? ఎనక ఇంకెవలన్న కూసున్నరా?" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అరుగు మీద బీడీలు చుడుతున్న ఆయన భార్య చాట ఒళ్ళోంచి జారిపోయేటట్టు నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయన వేసిన స్ప్రింగుతో మరుసటి వారం అదే గుంత మీద నుంచి పోతే, గుంత ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నాకు ఉస్తాద్, ఆమె అక్క.

బండి తయారుచేసే కంపెనీ ఒక సగటు మనిషిని మనసులో పెట్టుకుని స్ప్రింగు వేస్తుంది. ఆ మనిషి మనం కాకపోతే బండి మనది కాదు. బక్కవాణ్ని రాళ్ళ మీద ఎగరేస్తుంది, లావువాడికి అడుగంటుతుంది. ఉస్తాద్ పద్ధతి ఇట్లా ఉండేది. ముందు బండిని గాలిలోకి ఎత్తి, వెనక ఇరుసు నుంచి సీటు కింద పెట్టిన గుర్తు దాకా టేపు పెట్టి కొలిచేవాడు. తర్వాత మనిషిని పూర్తి సామానుతో కూర్చోబెట్టి మళ్ళీ కొలిచేవాడు. రెండు కొలతలకూ తేడా ఎంతో, బండి అంత దిగిందన్నమాట. దాన్ని దిగుడు అనేవాడు. దిగుడు సరిగ్గా ఉంటేనే పైకి కిందికి కదలడానికి చక్రానికి చోటుంటుంది. చదువుకున్నవాడిననే గర్వంతో నేను ఒకసారి బోర్డు మీద రాసినట్టు సూత్రం చెప్పబోతే ఓపికగా విని, "మంచిగ జెప్పినవ్. ఇగ టేపు వట్టు," అన్నాడు.

ప్రతి వానకాలం పోయాక అందరినీ మళ్ళీ తూచేవాడు. మనిషి బరువు ఒక్క తీరున ఉండదు, పెళ్ళయితే ఒకటి, ఉద్యోగం పోతే ఒకటి అనేవాడు. ఆ అంకెలు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో పేర్ల పక్కన రాసి ఉండేవి. అన్నీ చెరిపి చెరిపి రాసినవే. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెరగలేదు. ఉస్తాద్, డెబ్బై నాలుగు. ఉస్తాద్‌ను కాంటా ఎక్కమని మాలో ఎవరూ అడగలేదు. అడగడానికి మేమెవరం?

ఆదివారాలు నేను షెడ్డులో పని నేర్చుకున్నాను. పొద్దున బయల్దేరి గుట్టలకు పోవడం, మధ్యాహ్నానికి తిరిగొచ్చి అక్క పెట్టిన జొన్నరొట్టె, పచ్చికారం తినడం, తర్వాత బండ్లు విప్పుకుని కూర్చోవడం. ఎండాకాలంలో కందకుర్తి దగ్గర గోదావరి ఎండితే ఇసుకలో నడపడం నేర్పాడు. నేను పడిన ప్రతిసారీ ముందు బండి దగ్గరికి పోయేవాడు. కోపం వచ్చి అడిగితే, నువ్వు మూలుగుతున్నావు కాబట్టి బాగానే ఉన్నావు, అది మూలగదు కదా అన్నాడు. స్ప్రింగు పని మనిషిని మోయడం ఒక్కటే కాదని, మోసినట్టు మనిషికి తెలియనియ్యకపోవడం కూడా అని ఒకసారి అన్నాడు. అన్న వెంటనే సిగ్గుపడి పానా అడిగాడు.

ఇక మొన్నటి వానకాలం సంగతి.

వానలు తగ్గుముఖం పట్టాయి. అప్పటికే ఆయన ముఖం కొంచెం పీక్కుపోయింది. అడిగితే పై దవడ పళ్ళు నాలుగు తీయించుకున్నానని నోరు తెరిచి చూపించాడు. నిజంగానే పళ్ళు లేవు. నాకు అంతకన్నా సాక్ష్యం అవసరం అనిపించలేదు. ఆ ఆదివారం గుట్టల నుంచి వచ్చి, "సారూ, నా బండి గట్టిగైంది. రాళ్ళ మీద ఇసిరేస్తున్నది. జర సూడు," అన్నాడు.

ఉస్తాద్ తన బండి నన్ను చూడమన్నాడు! తన చేతులు వణుకుతున్నాయి, టేపు నువ్వే పట్టు అని ఆయన అంటే నా ఛాతీ ఎంత ఉబ్బిందో మీకు చెప్పలేను. ఆయన్ను కూర్చోబెట్టి టేపు పెట్టాను. ఆయన బండి దిగుడు ఎప్పుడూ అరవై ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ రోజు అరవై వచ్చింది. మళ్ళీ కొలిచాను, అరవయ్యే. గోడ వైపు చూశాను, డెబ్బై నాలుగు. మనిషి సరిగానే ఉన్నాడు, తప్పు బండిదే అని తేల్చేశాను. వాన బురదకు వెనక బేరింగులు పట్టేసి ఉంటాయన్నాను. ఆయన పానా అందించాడు. రెండు గంటలు కూర్చుని అన్నీ విప్పి, గ్రీజు పెట్టి, నూనె మార్చాను. మళ్ళీ కూర్చోబెట్టి కొలిచాను. అరవై.

స్ప్రింగు పాతబడితే మెత్తబడుతుంది గానీ గట్టిపడదు. ఇది నాకు తెలియనిది కాదు, దీని మీద జీతం తీసుకుంటున్నాను. బరువు తగ్గితే స్ప్రింగు తక్కువ దిగుతుంది అని ఏటా ఇంటర్ పిల్లలకు చెబుతాను, పరీక్షలో రాయకపోతే మార్కులు కోస్తాను. ఎనిమిది మిల్లీమీటర్లు అంటే ఆ స్ప్రింగుకు పద్నాలుగు కిలోలు. లెక్క వేయడానికి అర నిమిషం చాలు. నేను వేయలేదు. గోడ మీద ఉన్నది ఉస్తాద్ బరువు. దాన్ని అనుమానించాలని నాకు తట్టనే లేదు.

అప్పుడు ఆయనే, స్ప్రింగులు బరువుల వారీగా సర్దిన డబ్బాల్లో మూడోదాంట్లో ఉన్నది వేసి చూడమన్నాడు. వేశాను. టేపు పెడితే సరిగ్గా అరవై ఎనిమిది. ఒక్క దెబ్బకు కుదిరింది. "గిప్పుడు మంచిగున్నది సారూ. నీ చెయ్యి వడ్డది," అన్నాడు. ఏ లెక్కా లేకుండా సరైన డబ్బా ఆయనకు ఎట్లా తెలిసిందని అడగాలి కదా? నేను చెయ్యి పడ్డదన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఇంటికి పోయి మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

రెండు నెలలకు బండి మళ్ళీ గట్టిపడింది. మళ్ళీ నన్నే పిలిచాడు, మళ్ళీ ఆయనే డబ్బా చెప్పాడు, నేను మళ్ళీ మార్చాను. అది యాభై రెండు కిలోల మనిషికి వేసే స్ప్రింగు. ఇంత మెత్తనిది ఎందుకు ఉస్తాద్ అంటే, ముసలి నడుముకు మెత్తగుంటేనే సుఖం అన్నాడు. ఆ మరుసటి ఆదివారం సిరికొండ గుట్టల మీద ఆయన నడిపిన తీరు నా కళ్ళముందే ఉంది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, ఖాకీ కోటు గాలికి ఉబ్బి, ఒక్క రాయి కూడా తగలనట్టు దిగాడు. కింద ఆగి హెల్మెట్ తీసి చాలాసేపు నవ్వుతూ కూర్చున్నాడు. అదే ఆఖరి రైడ్.

తర్వాత మూడు వారాలు జర జ్వరం అన్నాడు ఫోన్లో. నాకు పరీక్షల పని మొదలైంది. బోధన్ రోడ్డుకు మా కాలేజీ నుంచి ఇరవై నిమిషాలు. నేను పోలేదు.

పదో దినం నాడు చుట్టాలు వెళ్ళిపోయాక షెడ్డులో అక్క, నేను మిగిలాం. అడగలేక అడిగాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిదానంగా చెప్పింది. పేగులో గడ్డ అని వానలు పడకముందే హైదరాబాద్‌లో చెప్పారట. కోసినా లాభం లేదన్నారట. ఎవరికీ చెప్పనని ఆమెతో ఒట్టు వేయించుకున్నాడట.

"ప్రతి ఆదివారం నువ్వు పోయినంక నన్ను పిలిచి కాంటా మీద నిలవడుతుండె తమ్మీ. నేనే అంకె సూసి చెప్పుతుంటి. సారు బేరింగులు విప్పుతుండు, విప్పనియ్యి, గాయనకు తెలిస్తే నన్ను బండి ఎక్కనియ్యడు అంటుండె."

నేను ఏడ్చాను. దాచడం ఎందుకు, గట్టిగానే ఏడ్చాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఇప్పటికీ ఉంది. తెలిసి ఉంటే నేను కాపాడేవాణ్ని కాదు, సరే. కానీ ఆ మూడు వారాలు వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ని. ఆయన మాట్లాడకపోయినా నేను మాట్లాడేవాణ్ని. బండి మీద ఎక్కనివ్వకపోయేవాణ్నేమో, అది మాత్రం నిజం. ఆయన నన్ను సరిగ్గానే తూచాడు.

అక్క లేచి ఆయన బండి దగ్గరికి పోయింది. చేతికి నూనె అంటితే బీడీల తంబాకు పాడవుతుందని ఇన్నేళ్ళలో ఆమె ఏ బండినీ ముట్టలేదు.

"గిండ్ల ఉన్నది ఎంత బరువుకు ఏసిన స్ప్రింగు తమ్మీ?"

"యాభై రెండు అక్కా."

"ఆఖరుకు నలభై ఎనిమిదికి దిగిండు," అంది.

సీటు మీద అరచేయి పెట్టి మెల్లగా నొక్కింది. బండి కొంచెం దిగింది. చేయి తీసింది, బండి లేచింది. మళ్ళీ నొక్కింది.