హూరా హాల్లో దూది ఉండలు

బహ్రెయిన్‌లో హూరా అనే పేటలోని ఆ హోటల్లో మొదటి అంతస్తు పాటల హాలుకు మంచి బ్యాండ్లు ఎందుకు రావడం లేదని ఎవరైనా అడిగితే, అక్కడ సౌండు చూసే పరశురాం దగ్గర కారణాలు సిద్ధంగా ఉండేవి. అడగకపోయినా సిద్ధంగానే ఉండేవి. చాయ్ గ్లాసు చేతిలో పడగానే ఒకటో కారణం మొదలయ్యేది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఏడోదాని మీద ఉండేవాడు.

జనానికి చెవులు పోయి కళ్ళే మిగిలాయట. పాట వినడానికి ఎవడూ రాడట, ఫోనులో వీడియో తీసుకోవడానికి వస్తాడట. వచ్చే బ్యాండువాళ్ళేమో సగం సంగీతం ల్యాప్‌టాప్‌లో తెచ్చుకొని పెదవులు ఆడిస్తారట. ఆపైన ఆ దండల గోలొకటి. పాట నడుస్తుండగానే ఎవడో షోకిల్లా రాయుడు బేరర్‌ని పిలిచి తళుకు కాగితాల దండ ఒకటి కొంటాడు. బేరరు పోయి దాన్ని పాడుతున్న పిల్ల మెడలో వేస్తాడు. అంతటితో తీరుతుందా, ఆ మహానుభావుడి పేరు మైకులో చదవాలి. చరణం మధ్యలో పేర్లు చదివే చోటికి తెలివున్న కళాకారుడు ఎవడొస్తాడని పరశురాం వాదన.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అసలు కారణం కూడా లేదు.

పరశురాంది కోరుట్ల దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళప్పుడే మైక్ సెట్టు పట్టాడు. పెళ్ళిళ్ళు, బోనాలు, ఎన్నికల ప్రచారాలు ఏవొచ్చినా జీపు మీద రెండు గొట్టం స్పీకర్ల మధ్య కూర్చొని ఊళ్ళు తిరిగేవాడు. ఆ తర్వాత అందరిలాగే దుబాయి పోతున్నానని చెప్పి బహ్రెయిన్‌లో దిగాడు. ఆ వైపువాళ్ళకు గల్ఫంతా దుబాయే. తుబ్లీలో ఇనుప గేట్లు చేసే వర్క్‌షాపులో ఆరేళ్ళు పనిచేశాడు. పొద్దున మొదలైన గ్రైండరు డ్యూటీ దిగేదాకా ఇనుము కోస్తూనే ఉండేది. చెవులకు పెట్టుకోమని కప్పులిస్తే, ఉక్కపోస్తుందని మెడలో వేలాడేసుకునేవాడు. ఫోర్‌మన్ చూస్తే చెవుల మీదికి, ఫోర్‌మన్ పోతే మెడలోకి.

వర్క్‌షాపు వీసా అయిపోయాక ఈ హోటల్లో ఎలక్ట్రీషియనుగా చేరాడు. హాల్లో సౌండు చూసే గోవా మనిషి సెలవు మీద పోయి తిరిగి రాలేదు. అతను రావాల్సిన సాయంత్రం ఎవరో ఒకరు మిక్సర్ ముందు కూర్చోవాలి కాబట్టి పరశురాం కూర్చున్నాడు. కూర్చున్నవాడు పద్నాలుగేళ్ళు లేవలేదు.

ఆ మొదటి రోజులు వేరు. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి మూడు నెలల ఒప్పందం మీద ఒకటిని మించిన బ్యాండు ఇంకొకటి వచ్చేది. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకు చెప్పి పంపేవారు, అక్కడ పరశురాం ఉన్నాడు, సౌండు గురించి దిగులు పెట్టుకోకండి అని. ఆయన స్టేజీ పక్కనుంచి ఊరికే నడిచిపోతూ ఏ వైరు వదులైందో గురగుర విని చెప్పేవాడు. శుక్రవారం వస్తే రిఫా నుంచి కుటుంబాలు కార్లేసుకొని వచ్చి ముందు బల్లల కోసం పేచీ పడేవి.

తర్వాత తర్వాత ఆ ముందు బల్లలు ఖాళీ అయ్యాయి. వచ్చిన నలుగురూ పోయి తలుపు దగ్గర కూర్చునేవారు. ముందు ఏసీ గాలి ఎక్కువ కొడుతోందని పరశురాం రెండుసార్లు దాని మొహం తిప్పించాడు. అయినా జనం తలుపు దగ్గరే. అప్పట్లో ఆతిఫ్ అని హైదరాబాదు గిటారు కుర్రాడొకడు, సన్న శబ్దాలను పైకెత్తే ట్రెబుల్ కొంచెం తగ్గించమని నలుగురి ముందూ అడిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారమని పరశురాం అంటే హాలంతా నవ్వింది. ఆ కుర్రాడు నెల తిరగకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరూ సౌండు గురించి నోరెత్తలేదు. పరశురాం అది తన గెలుపే అనుకున్నాడు.

ఇంటి నుంచి ఫోను వచ్చినప్పుడు కూడా అంతే. భార్య రామలక్ష్మి మాట ముద్దముద్దగా వినిపిస్తుంటే ఫోను మంచిది కాదని కొత్తది పంపాడు. అదీ అలాగే ఉంటే ఇంకొకటి పంపాడు. మూడోది కూడా పంపాక, ఊళ్ళో సిగ్నలే లేదని తేల్చేశాడు. పాపం ఆమె ప్రతి సాయంత్రం వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేలా అరిచి మాట్లాడేది.

రంజాన్ నెలంతా పాటలు ఎలాగూ ఆగుతాయి. ఈసారి ఆ నెలకు రెండు వారాల ముందే హోటలు యజమాని, వీసాలిచ్చే కఫీల్, మేనేజరు మునవ్వర్‌ను పిలిచి ఖలాస్ అన్నంత పని చేశాడు. పండుగకల్లా మంచి బ్యాండు రావాలి, లేదంటే స్టేజీ పీకించి బిలియర్డ్స్ బల్లలు వేయిస్తానన్నాడు. మునవ్వర్‌ది నిజామాబాదు. బహ్రెయిన్ వచ్చిన కొత్తలో తలదాచుకోను చోటు లేక రెండు నెలలు పరశురాం మంచంలో సగం మీద పడుకున్నవాడు. ఇప్పుడు టై కట్టుకొని మేనేజరైనా, పరశురాంను అన్నా అనే పిలుస్తాడు. కఫీల్ మాట దాచకుండా చెప్పాడు. హాలు పోతే పరశురాం వీసా కూడా పోతుంది. యాభై ఆరేళ్ళవాడికి కొత్త వీసా ఎవడిస్తాడు?

ఇంటికి పోవాలంటే పరశురాంకు భయం లేదు. మైకు ముట్టని పరశురాం అనే మనిషి ఎలా ఉంటాడో మాత్రం ఆయనకు తెలియదు. ఆ ఆలోచన వస్తే రాత్రి నిద్ర పట్టేది కాదు.

మునవ్వర్ తిరిగి తిరిగి, చివరికి లక్ష్మిప్రసన్నను ఒప్పించాడు. కాకినాడ అమ్మాయి, గొంతు విప్పితే పాలమీగడ. రెండేళ్ళ కింద ఇదే హాల్లో మూడు నెలలు పాడి, ఒప్పందం పొడిగిస్తామంటే వద్దని వెళ్ళిపోయింది. ఇప్పుడు జుఫైర్‌లో ఇంకో హోటల్లో పాడుతోంది. అక్కడ శుక్రవారం కుర్చీ దొరకదట. శుక్రవారం మధ్యాహ్నం బ్యాండుతో వచ్చి రెండు పాటలు పాడి చూస్తాను, ఆ తర్వాతే మాట ఇస్తానంది.

పరశురాం రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మైకుల జాలీలు విప్పి టూత్‌బ్రష్‌తో కడిగాడు. పాత వైర్లన్నీ కొత్తగా అతికాడు. శుక్రవారం పొద్దున స్టేజీ వెనక బ్యాండువాళ్ళ గది ఊడ్చాడు. అలమారా కింద ఎప్పటిలాగే దూది ఉండలు నాలుగైదు దొరికితే, ఈ పిల్లల మేకప్పు పాడుగాను అని విసుక్కొని చెత్తబుట్టలో వేశాడు.

శుక్రవారం మూడింటికి బ్యాండు వచ్చింది. తబలా వెంకన్న, కీబోర్డు సత్యప్రసాద్, ఇంకో ఇద్దరు. లక్ష్మిప్రసన్న బాబాయ్ అంటూ వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. పరశురాం మిక్సర్ ముందు కూర్చున్నాడు. ఆమె మొదటి పాట ఎత్తుకుంది. గొంతు ఎప్పటిలాగే కాస్త మూతి కట్టేసినట్టు అనిపించింది. ట్రెబుల్ పెంచాడు. ఇంకాస్త పెంచాడు. అప్పుడు తేటగా, మాట మాటా విడివిడిగా వచ్చింది. హాయిగా వెనక్కి వాలాడు.

వాలి స్టేజీ వైపు చూశాడు. వెంకన్న తబలా ఆపకుండానే ఎడమ చేత్తో జేబులోంచి ఏదో తీసి చెవిలో దోపుకున్నాడు. లక్ష్మిప్రసన్న చరణం అయ్యాక పక్కకు తిరిగి, చెంగు సర్దుకుంటున్నట్టుగా అదే పని చేసింది. సత్యప్రసాద్ చెవుల్లో ముందే ఉంది. తెల్లటి దూది. ఎవరూ మొహాలు చూసుకోలేదు, వంటలో ఉప్పు వేసినంత మామూలుగా చేశారు.

పాట అయ్యాక అందరూ సౌండు సూపర్ బాబాయ్ అన్నారు. పరశురాం ఆ మాట పట్టించుకోలేదు. లేచి బ్యాండు గదిలోకి పోయి, తాను పొద్దున వేసిన చెత్తబుట్టలోంచి దూది ఉండలు ఏరి తెచ్చి ఆమె ముందు అరచెయ్యి చాపాడు.

"నేను గిది మేకప్ దూది అనుకుంటున్న ఇన్నేండ్ల సంది. ఏంది బిడ్డా ఇది? నిజం చెప్పు."

ఆమె ఏసీ గాలికి చెవి పోటని ఒకసారి తప్పించుకోబోయింది. ఆయన చెయ్యి దించలేదు. అప్పుడు తల వంచుకొని చెప్పింది.

"ట్రెబుల్ చెవులు కోసేస్తుంది బాబాయ్. పాట పొడుగూతా కుయ్యిమని కూత వస్తుందండి. అది మీకు వినపడట్లేదు."

"మరి ఒక్కలన్న చెప్పద్దా?"

"మాకు ముందు పాడినవాళ్ళే చెప్పి పంపారండి. దూది పట్టుకెళ్ళండి, పెద్దాయన్ని మాత్రం ఏమీ అనకండి, ఆయన పొట్ట కొట్టిన పాపం మనకెందుకని. మేమూ మా తర్వాతవాళ్ళకి అదే చెప్పాం. మూణ్ణెల్లు ఓర్చుకోవడం, వెళ్ళిపోవడం. ఎవరూ రెండోసారి రారండి, నేనూ మునవ్వర్ గారు బతిమాలితేనే వచ్చాను."

పరశురాం స్టేజీ అంచున కూర్చున్నాడు. ఒకప్పుడు సౌండు గురించి దిగులు పడకండని చెప్పుకున్న నోళ్ళే ఇప్పుడు దూది తెచ్చుకోండని చెప్పుకుంటున్నాయి. ఆతిఫ్ మొహం గుర్తొచ్చింది. నలుగురి ముందూ నవ్వులపాలైన ఆ కుర్రాడిది తప్పేం లేదు. ఆ వాత తగిలాక ఇంకెవడు చెబుతాడు?

"నా ఒక్కని పొట్ట కొట్టద్దని ఇంత పెద్ద హాలును పండబెట్టిన్రు గద బిడ్డా" అన్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు కానీ రాలేదు. వాళ్ళ మీద ఏమని కోపం వస్తుంది?

లేచి సత్యప్రసాద్‌ను తీసుకెళ్ళి మిక్సర్ ముందు కూర్చోబెట్టాడు. నీ చెవికి ఎట్ల మంచిగుంటే అట్ల పెట్టమన్నాడు. అతను మొహమాటపడుతూనే ట్రెబుల్ సగానికి పైగా తగ్గించాడు. లక్ష్మిప్రసన్న రెండో పాట ఎత్తుకుంది. పరశురాంకు ఆ గొంతు తడి గొంగడి వెనక్కి పోయినట్టయింది. అక్షరాలు లేవు, మూలుగే మిగిలింది. కానీ ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి. వెంకన్న చెవుల్లోంచి దూది తీసి జేబులో వేసుకోవడం చూశాడు. లక్ష్మిప్రసన్న కళ్ళు మూసుకొని పాడటం చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు బేరర్లు మెల్లగా నడిచొచ్చి, ఐదారేళ్ళుగా ఎవరూ కూర్చోని ముందు బల్ల దగ్గర కూర్చోవడం కూడా చూశాడు.

పాట అయిపోయిందని వాళ్ళు చప్పట్లు కొడితే తెలిసింది.

కింద ఆఫీసులో మునవ్వర్ ఉన్నాడు. బ్యాండు ఒప్పుకుంటుంది, మిక్సర్ కాడ మాత్రం వేరే మనిషి కూర్చోవాలని పరశురాం చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. మునవ్వర్ ఆశ్చర్యపోలేదు. బల్ల మీది కాగితాలు అటువి ఇటు, ఇటువి అటు సర్దాడు.

"నాకెరుకే అన్నా. మూడేండ్ల సంది ఎరుకే" అన్నాడు చివరికి. "నీ మంచం మీద పండుకున్నోణ్ణి. నిన్ను లెవ్వమని ఏ నోటితోని అనాలె?"

"అనకపోతివి. నేనే అంటున్న తియ్యి. వైర్లు చుట్టమంటె చుడత, ఇంటికి పొమ్మంటె పోత. హాలు మాత్రం మూయనియ్యకు."

కఫీల్‌ను అడిగి చూస్తానన్నాడు మునవ్వర్. అడిగితే ఆయన ఏమంటాడో ఇద్దరికీ తెలుసు. అయినా పరశురాం సరేనన్నాడు, మునవ్వర్ చాయ్ తెప్పించాడు, ఇద్దరూ తాగారు. మొదటిసారి పరశురాం దగ్గర ఏ కారణమూ లేదు.

ఐదింటికి హోటలు వెనక మెట్ల మీద కూర్చొని ఇంటికి ఫోను చేశాడు. రామలక్ష్మి ఎత్తగానే అలవాటు కొద్దీ గొంతు చించుకొని, తిన్నవా, సిగ్నల్ ఉన్నదా అని అరిచింది.

"సిగ్నల్ మంచిగనే ఉన్నది. ఫోన్లు గూడ మంచియేనే, మూడు. నా చెవులే పోయినయ్" అన్నాడు. "నువ్వు ఇగ ఒర్లకు. ఎన్కట ఎట్ల మాట్లాడుతుంటివో అట్ల మెల్లగ మాట్లాడు."

ఆమె మాట్లాడసాగింది, మెల్లగా, పెళ్ళైన కొత్తలో మాట్లాడినట్టు. చాలాసేపే మాట్లాడింది. ఒక్క ముక్కా ఆయనకు తెలియలేదు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఫోను చెవికి ఆనించుకొని, మధ్య మధ్య ఆఁ అంటూ కూర్చున్నాడు.