నీలం సీసాకు పరీక్ష

ఆమదాలవలసలో మా అత్తగారి వీధికి ఒక గట్టి నమ్మకం ఉండేది. నీలిమందు కలిపిన నీళ్లు సీసాలో పోసి గేటుకు కడితే కుక్క అక్కడ కాలెత్తదని. నేను కాపురానికి వచ్చేసరికి ఏ గేటు చూసినా సీసాయే. వీధికుక్క మాత్రం ఇంటింటికీ తిరిగి తన పని తాను చేసుకుపోయేది. పొద్దున్నే లేచి మా గేటు కడగడం నా వంతు. రోజూ చీపురు పట్టే మనిషికి సందేహం రాకుండా ఎలా ఉంటుంది?

"అత్తా, ఇది పన్జేస్తాదని మీకెవరు సెప్పేరు?" అన్నాను.

"పక్కింటావిడ."

పక్కింటావిడను అడిగితే, ఎదురింటివాళ్లను చూసి కట్టానంది. ఎదురింటివాళ్లు మా అత్తను చూసి కట్టారట. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. పైగా నోటి దురద ఒకటి. ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే అత్తను పట్టుకుని, "సీసా గురించి బైబిల్లో ఏ అధ్యాయంలో ఉన్నాది?" అనేశాను.

అత్తకు ఒళ్లు మండింది. "నోరు ఎక్కువైందే నీకు. పన్జెయ్యదని సూపించు. సూపిస్తే గేటు నేను కడుగుతాను. నేదంటే నోరు మూసుకుని నువ్వే కడుగు, ఎప్పటికీని."

మా గేటుకు రెండు స్తంభాలు. కుడిదానికి సీసా ఉంచాం, ఎడమదాన్ని వదిలేశాం. ఇద్దరం టీ గ్లాసులతో అరుగు మీద కూర్చున్నాం. కుక్క తీరిగ్గా వచ్చింది, రెండు స్తంభాలూ వాసన చూసింది, సీసా ఉన్నదాన్నే తడిపింది. మర్నాడూ అదే. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. సీసా కుక్కను తరమదు, పిలుస్తుందని వీధంతా చాటింపు వేశాను.

అత్త అంతటితో ఊరుకోలేదు. సాయంత్రం సీసా విప్పి ఎడమ స్తంభానికి కట్టింది. పొద్దున కుక్క వచ్చి మళ్లీ కుడిదాని దగ్గరే కాలెత్తింది.

"సూసినావా?" అంది అత్త. "సీసా తరమడమూ నేదు, పిలవడమూ నేదు. ఆ స్తంభం దానికి అలవాటు. నేను సూడకుండా నమ్మీసినాను, నువ్వు సగం సూసి సెప్పీసినావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరం ఓడినట్టే లెక్క. నీళ్లు నేను పోసేట్టు, చీపురు అత్త పట్టేట్టు రాజీ కుదిరింది.

ఆ తర్వాత అత్తను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఫోన్‌లో ఎవరైనా ఆకు వైద్యం చిట్కా పంపితే చాలు, వాళ్లకే ఫోన్ చేసి, "నువ్వు తిని సూసినావా?" అని అడుగుతుంది. చర్చిలో ఆడవాళ్లు ఆమెను చూసి కబుర్లు ఆపేస్తున్నారు. నాకు మాత్రం ఇన్నాళ్లూ మహా సరదాగా ఉండేది.

మొన్న కూర దించుతూ, ఉప్పు సరిపోయిందన్నాను. అత్త గరిటె చేతిలోకి తీసుకుంది.

"ఎవరు సెప్పేరు? రుచి సూసినావేటి?"

చూడలేదు.