నొక్కని కనుబొమ

ఏడేళ్లుగా ఒక కొలత నన్ను వదలడం లేదు. తొమ్మిది మిల్లీమీటర్లు. ఆ అంకె వేసింది నేనే. ఎవరికీ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానో కూడా సరిగ్గా తెలియదు.

నేను బెజవాడలో ఒక కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్ని. రెప్ప వాలిపోయినవాళ్లకి ఆపరేషన్‌కి ముందు, రెప్పనెత్తే కండరానికి ఎంత బలముందో స్కేలు పెట్టి కొలుస్తాను. కనుబొమని బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి, కిందికీ పైకీ చూడమని, రెప్ప ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో చూడాలి. నొక్కకపోతే నుదుటి కండరం దొంగసాయం చేస్తుంది, లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది. బలముంటే రెప్పనెత్తే కండరాన్నే బిగిస్తారు. లేకపోతే రెప్పని నుదుటి కండరానికి కట్టే ఆపరేషన్ వేరే ఉంది.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది మా ఊరు చల్లపల్లి పాస్టరు గారి భార్య. అందరం అమ్మగారనే పిలుస్తాం. పుట్టుకతోనే ఆవిడ కుడిరెప్ప సగం వాలి ఉండేది. నా ప్రతి పరీక్షకీ ముందు నా నుదుటిమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసిన మనిషి. ఆవిడ నుదురు నేను నొక్కడమా? వేలు అలా ఆనించానంతే. అది గౌరవమా, మొహమాటమా, లేక ఒట్టి బద్ధకమా? ఇన్నేళ్లు తవ్వుకున్నా తేలలేదు.

నేను వేసిన తొమ్మిది చూసి, బలముందనుకుని కండరం బిగించారు. మూడు నెలల్లో రెప్ప మళ్లీ వాలింది. ఈసారి డాక్టరుగారే కొలిస్తే మూడే వచ్చింది.

"నువ్వు కనుబొమ నొక్కే కొలిచావా?" అని అమ్మగారి ముందే అడిగారు.

"నొక్కానండీ."

"అయితే ఈవిడ కండరమే సాగిపోయినట్టుంది. ఈసారి నుదుటికి కట్టే ఆపరేషన్ చేసి చూద్దాం."

అమ్మగారు వద్దన్నారు. "పోనీలే నాన్నా, నా కన్నే అంత. మీరు మాత్రం ఏం చేస్తారు?" అని నన్నే ఓదార్చారు.

తప్పు తన కంటిది కాదని తెలిస్తే రెండోసారి ఒప్పుకునేవారేమో. ఒప్పుకునేవారు కాదేమో. కట్టినా మళ్లీ జారేదేమో. ఈ ఏమోల వెనక దాక్కోవడం తప్ప నేను చేసిందేముంది?

మొన్న ఆదివారం చర్చిలో అమ్మగారు బైబిలు చదివారు, ఎప్పట్లాగే వాలిన రెప్ప కిందనుంచి కనబడేలా గడ్డం పైకెత్తి. తర్వాత నా నుదుటిమీద చెయ్యిపెట్టారు. బొటనవేలు నా కనుబొమ మీద గట్టిగా ఆనింది. ఆ రోజు నేను ఆ మాత్రం నొక్కినా సరిపోయేది. నిజం నోటిదాకా వచ్చింది. ఆమెన్ అన్నాను, అంతే.

నేను నొక్కలేదు. నొక్కానని అబద్ధం చెప్పాను. ఇదిగో, మీతో అనేశాను, గుండెల మీద బరువు కాస్త దిగింది. ఆవిడ రెప్ప మాత్రం అలాగే ఉంది.