గ్లాసు మీద అరచెయ్యి

పోయిన వారం హనుమకొండలో మా పైపుల దుకాణానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. దుకాణం వెనుక ఉన్న ఖాళీ జాగా తనకు అప్పగిస్తే కాంప్లెక్స్ కట్టి సగం నాకు ఇస్తానన్నాడు. కాగితాల సంగతి ఎత్తితే, మన మధ్య కాగితాలేంటన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే ఎదురు హోటల్‌కు సైగ చేసి రెండు చాయ్‌లు తెప్పించాడు. గ్లాసు నా ముందు పెట్టగానే, నాకు తెలియకుండానే నా అరచెయ్యి దాని మీదికి వెళ్లింది. "చాయేగదన్నా, విషం పోత్తాన్ననా?" అన్నాడాయన. నేను చెయ్యి తీయలేదు. ఆ చెయ్యి నాదే అయినా, అలా మూయడం మా చిన్నమ్మ దగ్గర నుంచి వచ్చింది.

మా వైపు ఊళ్లలో బేరం కుదిరిందనడానికి సంతకం అక్కర్లేదు, కలిసి చాయ్ తాగితే చాలు. తాగాక కాదంటే మాట తప్పినవాడని నలుగురూ చెప్పుకుంటారు. బేరగాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే తెలివైనవాడు మాట ముగిశాక కాదు, మొదలుకాకముందే చాయ్ చెబుతాడు. మా చిన్నాయనలాంటి మనిషికి అది చాలు. ఆయనంత మొహమాటస్థుణ్ణి నేను మళ్లీ చూడలేదు. మంగలి ఎదురై పలకరించాడని, నాలుగు రోజుల కిందటే కత్తిరించిన జుట్టును మళ్లీ కత్తిరించుకుని వచ్చేవాడు. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లకు వద్దని చెప్పలేక తినితిని, ఇంటికొచ్చి వాము నమిలేవాడు. మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. చిన్నమ్మ మాత్రం నవ్వేది కాదు.

ఆయనకు పరకాల దగ్గర చెరువు కింద పొలం ఉండేది. ఒండ్రు మట్టి, చేతిలోకి తీసుకుంటే వెన్నలా మెత్తగా ఉండేది. అందులో సగం మాత్రం కాస్త మెరక. కాలువ నీళ్లు అక్కడికి ఎక్కేవి కావు. ఆ సంగతి పసిగట్టిన ఇటుక బట్టీ యజమాని ఒకరోజు చిన్నాయనను బట్టీ దగ్గరికి పిలిపించుకున్నాడు. చిన్నాయన తిరిగొచ్చేసరికి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అరుగు మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. "మెరక మీది పైమట్టి తీసుకపోతడట. మడి చదునైతది, నీళ్లు పారుతయి అంటాండు. భూమి మనదే, ఏడికి పోతది?"

చిన్నమ్మ మట్టి గురించి ఏమీ అడగలేదు. "చాయ్ తాగినవా?" అంది.

"మాట్లాడకముందే పోయించిండే. తాగినంక వద్దంటె ఏం బాగుంటది?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ వయసులో నాకు అర్థం కాలేదు. మట్టే కదా, తీస్తే కింద ఇంకా మట్టే ఉంటుంది అనుకున్నాను.

మోకాలి లోతు అన్నవాళ్లు నడుము లోతు తీశారు. జేసీబీ గట్టు దగ్గరికి వచ్చినప్పుడు చిన్నాయన అడ్డం పోయి నిలబడ్డాడు. డ్రైవర్ ఫ్లాస్కు తెరిచి చాయ్ పోసిచ్చాడు. ఆయన తాగి పక్కకు జరిగాడు. ఇది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు కోపమే వస్తుంది, ఆయన మీదో డ్రైవర్ మీదో చెప్పలేను. వానలు పడ్డాక ఆ మడి మడుగైంది. వేసిన నాట్లు మురిగిపోయాయి. మరుసటి ఏడు నీళ్లు తోడించి మళ్లీ వేస్తే, అడుగున తేలిన చవిటి నేలలో పైరు పచ్చకామెర్లు వచ్చినట్టు లేచి, కంకి వేయకుండానే ఎండిపోయింది. మిగిలిన సగంతో ఇల్లు గడవక చిన్నాయన కూలికి పోయాడు. చుట్టుపక్కల ఏడాది పొడుగునా పని దొరికేది ఆ బట్టీలోనే.

ఒకసారి నేను అన్నం గిన్నె తీసుకుని వెళ్లాను. చిన్నాయన తలమీద పచ్చి ఇటుకలు, కనురెప్పల మీద బూడిద. బరువు దించి ఒక ఇటుకను చేత్తో నిమిరి, "ఇది మన మెరకదే రా. వాసన జూడు" అన్నాడు. నాకు ఏ వాసనా తెలియలేదు. ఆయనకు తెలిసింది. ఆ దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుని, రెండు ఎండాకాలాలు తిరక్కముందే పెద్ద దవాఖానలో పోయాడు.

పదకొండో రోజు అయిన మర్నాడే బట్టీ యజమాని పరామర్శకు వచ్చాడు. వెంట ఫ్లాస్కు తెచ్చుకున్నాడు, చావింట్లో పొయ్యి వెలిగిస్తారో లేదోనని కాబోలు. మిగిలిన సగం కూడా తవ్వితే రెండు మడులూ సమానమవుతాయని, ఒంటరి ఆడమనిషికి సాగు ఎందుకని మెల్లగా చెబుతూ గ్లాసులో చాయ్ పోసి చిన్నమ్మ ముందు పెట్టాడు. ఆమె గ్లాసు మీద అరచెయ్యి మూసింది. పొగలు కక్కే చాయ్. ఆవిరికి చెయ్యి ఎర్రబడుతున్నా తీయలేదు.

"మీ చాయ్ వద్దు, మీ బేరం వద్దు. మంచినీళ్లు కావాల్నంటె ఇస్త, తాగి పొండ్రి."

అతను నీళ్లు తాగకుండానే వెళ్లాడు. అప్పుడు ఆమె నావైపు తిరిగి, "జూసినవా బిడ్డా, గింతే. గీ మాటే మీ చిన్నాయనకు నోట్లకెళ్లి ఎళ్లలే" అని, అన్ని రోజులుగా ఏడవనిది అప్పుడు ఏడ్చింది.

చిన్నమ్మ ఇప్పుడు ముసలిదైంది. ఆ సగం పొలంలో ఈ ఏడు కూడా వరి వేయించింది. ఎండాకాలంలో చెరువు ఎండితే పూడిక మట్టి తట్టతో మోసి బట్టీవాళ్లు తవ్విన గుంటలో పోయడం మాత్రం మానలేదు. ఎందుకని అడిగితే చెప్పదు. కాంప్లెక్స్ పెద్దమనిషి విసుక్కుంటూ వెళ్లిపోయాక నేను బల్ల మీద మీగడ కట్టిన గ్లాసును అలాగే ఎదురు హోటల్‌కు తిప్పి పంపాను. మా మెరక మీద ఆ మట్టి పేరుకోవడానికి చెరువుకు ఎన్ని వందల వానాకాలాలు పట్టాయో ఎవరికీ తెలియదు. అది పోవడానికి మాత్రం మా చిన్నాయన ఒక చాయ్ తాగినంత సేపు పట్టింది.