కందిరీగ ఈడ్చుకెళ్లిన సాలీడు

తెల్లవారుజామున నాలుగింటికే, కోడి కూడా లేవకముందే ఖమ్మంలో బస్సెక్కాను. సరే, ఒప్పుకుంటాను, ఏడు దాటింది. అప్పటికి రెండు చాయ్‌లు కూడా అయ్యాయి. సారపాకకు ఇవతల అడవి అంచు పల్లెలో మా మరదలు కొత్త ఇల్లు కట్టుకుని చూడ రమ్మంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి మా ఆవిడ రాజమ్మకు టికెట్ లేదు, డబ్బులు కట్టింది నాకొక్కడికే.

తల్లాడలో ఇడ్లీ తిన్నాక, పక్కసీటులోని మిల్లు కార్మికుడితో తేలు కుట్టినా నవ్వేవాణ్ణని చెప్పాను. (ఆ తేలు ఎర్రచీమ.)

"తమ్మీ, ఈయన చెప్పేదాంట్ల సగం తీసేసి విను," అంది రాజమ్మ.

పదకొండున్నరకు దిగి, ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. వాన వెలిసిన అడవి ఆవిరి వదులుతోంది. నీలగిరి ఆకుల వాసనకు కళ్లు మూతలు పడుతున్నాయి. కలలోకి వచ్చినట్టే వచ్చింది: నల్లటి ఒంటికి నిప్పురంగు రెక్కలున్న కందిరీగ. అరచేతంత బొచ్చు సాలీడును కాలు పట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ ఈడ్చుకెళ్తోంది. సాలీడు చావలేదు. కుట్టించుకుని నిద్రపోతున్నట్టు, ఎటు లాగితే అటు వెళ్తోంది.

చూసి ఊరుకోవచ్చు. రాజమ్మ పక్కనే ఉంది కదా అని సాలీడును నా వైపు లాగాను.

కందిరీగ కుట్టింది. చేతిలో కరెంటు పాకి, అడవంతా తెల్లబడింది. తడిమట్టిలో పడి అరిచాను.

"లే లే, నాటకాలు చాలు. ఆటో వస్తది."

"నిజంగనే కుట్టిందే!"

"ఏందీ, ఎంతుంది ఆ పురుగు? కాకంత ఉందా?"

"చిటికెనవేలంత," అన్నాను. "గంతే."

రాజమ్మ చేతిలో సంచీ జారిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో నేను ఏదీ ఉన్నది ఉన్నట్టు చెప్పగా ఆమె వినలేదు. నా చంకల కింద చేతులేసి, వెనక్కి నడుస్తూ నీడలోకి ఈడ్చుకెళ్లింది. ఎటు లాగితే అటు వెళ్లాను. పైన ఆకులు నీళ్లలోలా ఈదుతున్నాయి. చాయ్ తాగినంత సేపటికి నొప్పి దానంతటదే దిగిపోయింది. అటు వెళ్లేవాళ్లు దాని జోలికి పోకండి. అది మీ జోలికి రాదు.

మరదలి ఇంట్లో మూడు కోళ్లు కోశారు. సరే, ఒకటే.

సాయంత్రం ఐదింటి బస్సులో కిటికీ సీటు రాజమ్మ నాకే ఇచ్చింది. ముందుసీటావిడ నా చేతి వాపు చూసి, "ఏమైందక్కా?" అంది.

"కందిరీగ కుట్టింది చెల్లే. పిచ్చుకంత ఉండె. కాదు, కాకంత!" అంది రాజమ్మ.

సగం తీసేసి వినమని నేను అనలేదు. ఆమె భుజం మీద తల వాల్చి, ఎటు తీసుకెళ్తే అటు వెళ్లాను.